కమ్మరి లేని ఊరు

రోహిణి కార్తె మొదలైన రోజు నా దగ్గర నడుమకు విరిగిన లారీ ఇరుసు ఒకటి, రెండు రబ్బరు చక్రాలు, రెండు ఎడ్లు ఉన్నాయి. మిరుగు, అంటే మృగశిర కార్తె నాటికి వీటితో బండి తయారు కాకపోతే దొర గడిలో జీతానికి పోవాలి. పద్నాలుగు రోజుల గడువు. కావలసిందల్లా ఆ ఇరుసును అతికే మనిషి, అదీ నా చేతికి అందే ధరలో.

జీతం అంటే ఏమిటో దూరం నుంచి చూసినవాళ్లకు తెలియదు. మా నాయిన పంతొమ్మిదేళ్లు ఆ గడిలో జీతం చేశాడు. పశువుల కొట్టంలోనే పడుకునేవాడు. మా అమ్మ చనిపోయిన పొద్దున కూడా పెండ ఎత్తి, ఎడ్లకు నీళ్లు పెట్టి, ఆ తర్వాతే ఇంటికి వచ్చాడు. అడగకుండా ఇంటికి పోయినందుకు దొర రెండు రోజులు తిండి పెట్టించలేదు. ఆ గడి దర్వాజ దాటనని నేను అప్పుడే అనుకున్నాను.

సంఘం ఉన్న రోజుల్లో ఆ మాట నిలబడింది కూడా. దొర పట్నం పారిపోయాడు. ఆయన భూమిలో నాలుగెకరాలు సంఘం నాకు పంచింది. ఒక్క పంట తీశాను. ఆ ఎండాకాలం రజాకార్లు మా వాడ మీద పడి దొరికిన బండ్లు తగలబెట్టారు, మా బండి కూడా అందులో పోయింది. తర్వాత పోలీసు చర్య జరిగింది, నిజాం లొంగిపోయాడు, మేమంతా సంతోషపడ్డాం. రెండు నెలలు తిరగకముందే దొర కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని జీపులో దిగాడు. నాలుగెకరాలు ఎలా వచ్చాయో అలాగే పోయాయి.

లారీ సంగతి ఇది. రజాకార్లు పారిపోతూ దాన్ని మూసీలో పడేసి పోయారు. ఊరంతా పంచుకుంది. ఒకరు తలుపులు, ఒకరు సీట్లు, ఒకరు రేకులు. నేను ముందటి ఇరుసును చక్రాలతో సహా లాక్కొచ్చాను. ఏం చేసుకుంటావని నవ్వారు. నవ్వినవాళ్లకు ఇళ్ల ముందు బండ్లు ఉన్నాయి, నవ్వగలరు. మరి సూర్యాపేటలో ఒక గుత్తేదారు మేళ్లచెరువు నుంచి సున్నపు రాయి తోలే బండ్ల కోసం చూస్తున్నాడు. రబ్బరు చక్రాల బండి అయితే ఏడాది పొడుగునా కిరాయి ఇస్తానని నాకు మాట ఇచ్చాడు. మా వడ్రంగి వడ్ల బాలయ్య పైచట్రం చేసి పెట్టాడు. అది మా వాకిట్లో గోడకు ఆనించి ఉంది. ఇక ఇరుసు ఒక్కటే.

దొర సొంత సాగు చూసే శేరిదారు ఐలేశం రోజూ మా వాకిలి ముందు నుంచే పొలం చూడబోయేవాడు. ఆ రోజు ఆగి చట్రం వైపు చూశాడు.

"భిక్షపతీ, దొర మిరుగు దాకనే ఆగుతడట. ఆ తర్వాత నీ జాగల ఇంకోన్ని పెట్టుకుంటడు. ఎడ్లను గూడ గడికే కొట్టుకరా, మేతకు ఫికర్ ఉండదు."

"నా ఎడ్లకు మేత నేనే ఏస్తున్న," అన్నాను.

"ఇయ్యాల ఏస్తున్నవ్," అని వెళ్లిపోయాడు.

ఊళ్లో కమ్మరి లేడా అని మీకు అనిపించవచ్చు. ఉన్నాడు. సోమాచారి. మా ఇంటికి ఆరిళ్ల అవతల. మా తాతల కాలం నుంచి మా నాగలి కర్రులు, కొడవళ్లు వాళ్ల కొలిమిలోనే కాలాయి. కల్లం దగ్గర వాళ్ల మేర, అంటే పనికి ముట్టే వాటా గింజలు కొలిచి ఇచ్చిన తర్వాతే మేం బస్తాలు కుట్టేవాళ్లం. వరస లేకపోయినా నేను ఆయన్ని మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. అంటాను అని రాశాను గానీ, ఆ పిలుపు పోయి అప్పటికి ఐదు నెలలైంది.

అది కూడా చెప్పాలి, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. సంఘం రోజుల్లో దళం వాళ్ల బర్మార్లు, అంటే నాటు తుపాకులు, చెడిపోతే సోమాచారి బాగుచేసేవాడు. గడ్డిమోపులో పెట్టి వాటిని ఆయనకు అందించింది నేను. పుష్యమాసంలో పోలీసు క్యాంపు వాళ్లు నన్ను పట్టుకుపోయారు. తుపాకులు ఎవరు బాగుచేశారో చెప్పమన్నారు. ఒకటిన్నర రోజు కొట్టారు. నేను సోమాచారి పేరు చెప్పాను. మూడో రోజు నన్ను వదిలేశారు, ఆయన్ని తీసుకుపోయారు. ఆయన పదిహేను రోజుల తర్వాత వచ్చాడు. కొలిమిలో మట్టి పోసి, దాకలి అనే ఇనుప దిమ్మెను, సుత్తెలను క్యాంపుకు ఎత్తుకుపోయారు. ఊరి రైతు ఎవరైనా జమానత్, అంటే పూచీ ఉంటే తిరిగి ఇస్తామని డప్పు వేయించారు. ఆ కొలిమిలో ఎప్పుడు ఆయుధం దొరికినా జమానత్ ఉన్నవాడే జైలుకు పోవాలి. ఎవరూ పోలేదు. నేనైతే ఆ డప్పు వినబడగానే ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

అప్పటి నుంచి మా ఊరి కర్రులు పక్క ఊరికి పోతున్నాయి. నావి కూడా పోయాయి. సోమాచారి ఎదురుపడే వీధి మానేసి పొలాల వెంట తిరిగి వెళ్లడం నేర్చుకున్నాను. నా మీద నాకు అసహ్యంగా ఉండేది, ఆ అసహ్యాన్ని ఇంట్లో నా భార్య ఉప్పలమ్మ మీద కోపంగా చూపేవాణ్ని.

"సోమాచారిని ఒక్క మాట అడుగరాదు," అంది ఉప్పలమ్మ. ఆమెకు అంతా తెలుసు. "కొలిమి లేకపోయినా ఇనుము సంగతి చెప్తడు."

"నీకు తెల్వది, ఊకో," అన్నాను.

"నాకు తెల్వదా," అని ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లింది.

ముందు నకిరేకల్ పోయాను. అక్కడ లాంతర్లు, బిందెలు అతికే ఒకాయన రెండు హాలీ రూపాయలకే, అంటే నిజాం సిక్కాకే పని అయిపోతుందన్నాడు. ధర విని నా ప్రాణం లేచి వచ్చింది. ఇత్తడి కరిగించి సందులో పోశాడు. చూడటానికి పెళ్లికూతురి వడ్డాణం లాగా మెరిసింది. దాన్ని రెండు రాళ్ల మీద పెట్టి నేనొక్కణ్ని ఎక్కి నిలబడ్డాను. మళ్లీ రెండు ముక్కలైంది, నేను కిందపడ్డాను. ఆయన ఒక రూపాయి వాపసు ఇచ్చాడు, ఇత్తడి మాత్రం గీకి తీసుకున్నాడు. చవక పని ఎంత చవకగా ఉంటుందో అక్కడ తెలిసింది. రెండు రోజులు పోయాయి.

సూర్యాపేటలో బెజవాడ సడక్ పక్కన మోటార్ల షెడ్డులో సైదులు అని ఒకతను గ్యాసుతో అతుకుతాడని గుత్తేదారు మనిషే చెప్పాడు. ఎదురింటివాళ్ల బండి అటు పోతుంటే ఇరుసు అందులో వేసుకుని వెళ్లాను. సైదులు ముప్పై ఏళ్లవాడు. నల్ల అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఇరుసు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. విరిగిన చోట వేలితో రుద్ది చూశాడు.

"అతుకుతది అన్నా. ముప్పై రూపాయలైతయి. కల్దారు, ఇండియా పైసలు. హాలీ సిక్కా ముట్ట."

నా దగ్గర హాలీ రూపాయలే పదకొండు ఉన్నాయి. ఇరుసు పక్కనే కూర్చున్నాను. షెడ్డు వెనక నులకమంచంలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, సైదులు తండ్రి. నన్ను కాసేపు చూసి, ఏ ఊరు అని అడిగాడు. చెప్పాను.

"మీ ఊర్ల కమ్మరి లేడా?"

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. వీళ్లు కూడా కమ్మరివాళ్లేనని, తుంగతుర్తి వైపు దొర ఒకడు వీళ్ల కొలిమి పీకించి తరిమేశాడని ముసలాయన చెప్పాడు. షెడ్డులో కూలికి చేస్తున్నారు గానీ వాళ్లకంటూ ఊరు లేదు. కమ్మరికి ఊరు లేకపోతే మేర లేదు, మేర లేకపోతే పిల్లనిచ్చేవాడు కూడా లేడు. ఇంకొకరి ఊరి ఇనుమును ఆ ఊరి కమ్మరి మాట లేకుండా వాళ్లు మేర లెక్కన ముట్టుకోరు. ఆ కమ్మరి బతికి ఉంటే, కొలిమి మూతపడి ఉన్నా సరే, ఊరు ఆయనదే. కమ్మరి లేని ఊరైతే వేరు. పని ముందు చేసి, గింజలు కల్లం నాడు తీసుకుంటారు.

నాకు అర్థమైంది. సోమాచారి దగ్గరికి పోయి ఒక మాట తెస్తే సరిపోతుంది. ఆ ఆరిళ్ల దూరం నాకు సూర్యాపేట కంటే దూరం.

"మా కమ్మరి సచ్చిపోయిండు," అన్నాను.

"ఎన్నడు?"

"పుష్యమాసంల."

"కొడుకులు?"

"లేరు." అది మాత్రం నిజమే.

ముసలాయన చేతులు జోడించి పైకి చూశాడు. కులపోడి చావు విన్నాడు కాబట్టి లేచి వెళ్లి తల మీద నీళ్లు పోసుకుని వచ్చాడు. ఆ తడి బట్టలు చూస్తూ కూడా నేను నిజం చెప్పలేదు. మా ఊరి మేర వాళ్లకు ఒప్పుకోవాలని ముసలాయన అన్నాడు, నేను తల ఊపాను. ఊరి తరఫున మాట ఇచ్చే హక్కు నాకు ఎవరిచ్చారో తెలియదు. సోమాచారి ఊరిని నా ఇరుసు కోసం ఇచ్చేశాను.

సైదులు పనిలోకి దిగాడు. డబ్బాలో కార్బైడు రాళ్లు వేసి నీళ్లు పోస్తే వెల్లుల్లి కుళ్లిన వాసన వచ్చింది. విరిగిన అంచులను రెండు వైపులా ఏటవాలుగా అరగదీసి, ఇనుప కడ్డీ కరిగిస్తూ పొర మీద పొర వేశాడు. చక్కటి పనివాడు. తొందరపడడు. పొర వేసిన ప్రతిసారీ చిన్న సుత్తితో కొట్టి, బొగ్గు దులిపి, మళ్లీ వేశాడు. మధ్యాహ్నం దాటేసరికి ఇరుసు ఒక్కటైంది.

"రేపు పొద్దుగాల తీసుకపో అన్నా," అన్నాడు. "దీన్ని రాత్రంత వేడి బూడిదల పండబెట్టాలె. లారీ ఇనుము జర మొండిది, గాలికి ఆరితే పగులుతది."

ఎదురింటివాళ్ల బండి అప్పుడే తిరుగుప్రయాణం కట్టింది. అది పోతే మళ్లీ ఎప్పుడో. పైగా ఆ షెడ్డులో రాత్రి ఉండాలంటే నాకు భయం వేసింది. మా ఊరివాళ్లు ఎవరైనా సంతకు వచ్చినప్పుడు, మీ కమ్మరి ఎట్లా పోయాడని ముసలాయన వాళ్లను అడిగితే నా బతుకు అక్కడే తెల్లారుతుంది.

"నీళ్లు పొయ్యి," అన్నాను.

"పాడైతది."

"ఇనుముకేమైతది. మా ఊర్ల కర్రులను నీళ్లలనే ముంచుతరు. నాకు తొందరున్నది, పొయ్యి."

కర్రును నీళ్లలో ముంచేది కొనకు పదును రావడానికి. ఇరుసుకు పదునెందుకు? అప్పుడు నాకు అది తోచలేదు. నలభై ఏళ్లుగా కమ్మరి నా కళ్ల ముందు చేసిన పని చూసి, నాకే అంతా తెలుసు అనుకున్నాను. సైదులు తండ్రి వైపు చూశాడు. తండ్రి, ఊరు ఒప్పుకున్న మనిషి మాట కాదనలేక ఊరుకున్నాడు. రెండు బిందెల నీళ్లు పోశారు. ఇరుసు బుస్సుమంది.

ఇంటికి వచ్చి, ఆ రాత్రి నెలల తర్వాత కడుపు నిండా తిన్నాను.

రెండో రోజు బాలయ్యా నేనూ ఇరుసు మీద చట్రం ఎక్కించబోతుండగా, వీధి మొగదలలో తండ్రీకొడుకులు కనబడ్డారు. సైదులు భుజాన సుత్తె, ముసలాయన చేతిలో గుడ్డమూట, అందులో బియ్యం. చనిపోయిన కమ్మరి ఇంటికి పోయి, ఆయన భార్యను పలకరించి, ఆమె చేతి నుంచి కొలిమి తీసుకోవడానికి వాళ్లు వచ్చారు. పద్ధతి తెలిసిన మనుషులు. నేనే దాన్ని మరచిపోయాను. వాళ్లు ఎవరినో అడిగి అప్పటికే సోమాచారి ఇంటి వైపు తిరిగారు. బాలయ్యను అక్కడే వదిలి పరుగెత్తాను.

వెళ్లేసరికి సోమాచారి భార్య కృష్ణమ్మ గడపలో నిలబడి ఉంది, నుదుట రూపాయంత బొట్టుతో. ముసలాయన ఆ బొట్టు వైపు చూస్తున్నాడు. సోమాచారి లోపలి నుంచి వచ్చాడు.

"ఎవలు మీరు? కూసోండ్రి," అన్నాడు.

సైదులు జరిగినదంతా చెప్పాడు, ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. చెబుతున్నంతసేపూ నా వైపు వేలు చూపిస్తూనే ఉన్నాడు. కృష్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గోడల మీది నుంచి చూస్తున్నారు. భూమి నన్ను మింగితే బాగుండును అనిపించింది, అది ఎప్పుడూ మింగదు.

సోమాచారి అంతా విని, భార్యతో "నీళ్లియ్యి వాళ్లకు, ఎండల వచ్చిన్రు," అన్నాడు. తర్వాత సైదులును అడిగాడు. "అతికినంక బూడిదల పెట్టినవా?"

"పెడతనన్న పెద్దయ్యా. గీయననే నీళ్లు పొయ్యుమన్నడు."

"చూద్దాం పా."

అందరం మా వాకిట్లోకి వచ్చాం. సోమాచారి సైదులు సుత్తె అడిగి తీసుకున్నాడు. ఐదు నెలల తర్వాత ఆయన్ని దగ్గరగా చూశాను. ఎడమ చేతి వేళ్లు రెండు ముడవడం లేదు. కుడి చేత్తో ఇరుసు చివరన తట్టాడు, ఖంగుమంది. జరుగుతూ జరుగుతూ అతుకు మీద తట్టాడు. పగిలిన కుండను కొట్టినట్టు పలికింది. మూడుసార్లు కొట్టి సుత్తె తిరిగి ఇచ్చాడు.

"లోపల పగిలింది. అతుకు మంచిదే, పనోడు మంచోడే. సల్లార్చుట్ల చెడింది. రాయి ఏసుకొని ఏ వాగు దిగంగనో ఇరుగుతది, ఎడ్ల కాళ్ల మీద పడ్తది."

ఆ మాట చెప్పకుండా ఆయన ఇంట్లో కూర్చోవచ్చు. తనను నోటిమాటతో చంపినవాడి బండి వాగులో విరిగితే ఆయనకు పోయేదేమీ లేదు. నాకు అప్పుడు వచ్చిన సిగ్గు క్యాంపులో తిన్న దెబ్బల కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

"ఇప్పుడెట్ల?" అన్నాడు సైదులు.

"ఆ అతుకు తీసెయ్యాలె. రెండు దిక్కుల కొలిమిల ఎర్రగ కాల్చి, ఆ వేడి మీదనే నీ గ్యాసు పెట్టి, ఒక రాత్రి బూడిదల పూడ్వాలె. కొలిమి ఉంటే నువ్వు నేను కలిసి ఒక పూటల చేస్తం."

"కొలిమి లెవ్వనియ్యుండ్రి. నా డబ్బా, సిలిండరు బండిలేసుకొని వస్త," అన్నాడు సైదులు. ముసలాయన లేచాడు. "నువ్వు బతికున్నవ్, అన్నా, అదే సంతోషం. ఊరు నీది. మేం ముట్టం," అని సోమాచారికి దండం పెట్టి, నన్ను మాత్రం చూడకుండా వెళ్లిపోయాడు. తండ్రి వెనకే నడుస్తూ సైదులు నా దగ్గర ఆగాడు. "మా నాయిన నీ మాటకు తానం చేసిండు," అన్నాడు. అంతే అన్నాడు.

జనం పలచబడ్డారు. సోమాచారి మా అరుగు మీద కూర్చున్నాడు. ఉప్పలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టి, నా వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది.

"మామా," అన్నాను. "క్యాంపుల నీ పేరు చెప్పింది నేనే."

"తెలుసు. నన్ను తీస్కపోయిన నాడే చెప్పిన్రు."

"ఐదు నెలల సంది తెలుసా?"

"నిన్నెంత కొట్టిన్రో గూడ తెలుసు. అదే రూముల నన్ను గూడ ఏసిన్రు గద, గోడకు నీ రక్తం ఉండె. దానికి నాకు కోపం లేదు." ఆయన నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు. "నువ్వొక్కసారి కొడవలి పట్టుకొని నా వాకిట్లకు రాలే. కొలిమి లేదని నీకు తెలుసు, అయినా రావచ్చు. 'మామా, ఇది మొద్దువారింది, ఏం జెయ్యాలె' అంటే నాకు కడుపు నిండు. నువ్వు పక్కూరికి పోయినవ్. నిన్ను చూసి అందరు పోయిన్రు. గది నొచ్చింది అల్లుడా."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఏం చెప్పినా తక్కువే. ఆయన లేచి తన ఇంటికి వెళ్లాడు. కొలిమి మాట కానీ జమానత్ మాట కానీ ఎత్తలేదు. అడిగి ఉంటే నాకు తేలికయ్యేది.

రాత్రంతా లెక్క వేసుకున్నాను. జమానత్ ఉంటే, రేపు ఎవడైనా గిట్టనివాడు ఆ కొలిమిలో ఒక తూటా పడేసినా నేనే జైలుకు పోతాను. ఉండకపోతే ఇరుసు లేదు, మిరుగు నాటికి గడి. ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఎంత నెట్టినా పోలేదు. తుపాకులు బాగుచేసినవాడు ఎవరో క్యాంపుకు తెలుసు. తెచ్చి ఇచ్చినవాడి సంగతి వాళ్లు మరచిపోయారనుకుని నేను ఇన్నాళ్లు తిరుగుతున్నాను. పోయి వాళ్ల ముందు నిలబడితే గుర్తుకొస్తుందేమో.

పొద్దున్నే ఉప్పలమ్మ సద్ది మూట కట్టి ఇచ్చింది. "ఎక్కడికని అడుగవా?" అన్నాను. "అడిగితే ఆగుతవేమో," అంది.

క్యాంపు మా ఊరికి కోసెడు దూరం. గేటు దగ్గర వెనక్కి తిరిగిపోదామనిపించింది, అది దాచలేను. లోపల బల్ల ముందు మున్షీ కూర్చుని ఉన్నాడు. నల్లగొండవాడే, కళ్లజోడు పెట్టుకుని ఉన్నాడు. సోమాచారికి జమానత్ ఉంటానని చెప్పాను. అతను కలం కింద పెట్టి నన్ను మొత్తం చూశాడు.

"ఐదు నెలలు ఒక్కడు రాలే. నువ్వెందుకు వచ్చినవ్?"

"బండి ఇరుసు అతకాలె సాబ్."

"దానికోసం జైలుకు తయారైనవా?"

అతను వెనక బీరువాలోంచి ఒక పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒక చోట ఆగాడు. చదువుతూ అతని ముఖం మారింది.

"గీ కమ్మరిని గట్టిగ చూస్కో. మొండోడు. తుపాకులు బాగుచేసిన అని మొదటి రోజే ఒప్పుకున్నడు. తెచ్చిచ్చింది ఎవలో చెప్పుమని పదకొండు రోజులు అడిగినం. చూడు, రోజు రోజు రాసి ఉన్నది." పుస్తకం నా వైపు తిప్పాడు. ఉర్దూలో ఉంది, నేను నాలుగో జమాత్ దాకా చదివినవాణ్ని, చదవగలను. తారీఖు, దాని పక్కన ఒకే మాట, పేరు చెప్పలేదు. కింద మళ్లీ తారీఖు, మళ్లీ పేరు చెప్పలేదు. ఏడో రోజు దగ్గర ఎడమ చేతి వేళ్ల సంగతి రాసి ఉంది, దాని కింద కూడా అదే మాట. పదకొండు సార్లు ఉంది. అన్నీ చదివాను.

"నీకేమైతడు?" మున్షీ కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. "రిష్తా రాయాలె."

"మా ఊరి కమ్మరి."

"అది రిష్తానా?"

"గదే సాబ్. గదే రాయుండ్రి."

అతను రాసుకుని, సిరా డబ్బా జరిపి, నా బొటనవేలు పట్టుకోబోయాడు. సంతకం వచ్చునన్నాను. కలం తీసుకున్నాను. అదే పుస్తకంలో, పదకొండు రోజుల కింద ఖాళీగా ఉన్న చోట, ఆయన ఎక్కనివ్వని పేరును నా చేత్తో నేనే ఎక్కించాను. మున్షీకి అది వట్టి జమానత్ సంతకం.

సుత్తెలు గోనెసంచిలో వేసి ఇచ్చారు. దాకలి మణుగు పైనే ఉంటుంది. భుజానికెత్తుకుని కోసెడు దూరం నడిచాను, దారిలో ఎవరో పట్టుకుంటామన్నా ఇవ్వలేదు. సోమాచారి వాకిట్లో దింపేసరికి భుజం తోలు లేచిపోయింది. ఆయన బయటికి వచ్చి దాకలి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"మామా, మున్షీ పుస్తకం చూపిచ్చిండు," అన్నాను.

"చదువొచ్చినోనివి, చదివే ఉంటవ్," అన్నాడు. "ముందుగాల కొలిమిలున్న ఆ మట్టి తియ్యి."

కూర్చుని చేతులతో తీశాను. ఐదు నెలల ఎండకు అది రాయిలా గట్టిపడింది. తీస్తూ ఏడ్చాను, కృష్ణమ్మ చూస్తున్నా దాచుకోలేదు. సోమాచారి పక్కనే కూర్చుని, మంచి చేత్తో ఆ పెళ్లలు ఒక్కొక్కటే తట్టలోకి ఎత్తాడు. మూడో రోజు సైదులు తన డబ్బాతో వచ్చాడు. మిరుగుకు ఒక రోజు ముందు నేను బండి కట్టుకుని మేళ్లచెరువు తోవ పట్టాను.